పొయ్యి వెలగని రోజు

2021 ఫిబ్రవరి 15, సోమవారం తెల్లవారుజామున డల్లాస్ చుట్టుపక్కల ఊళ్ళలో కరెంటు పోయినప్పుడు మా వంటింట్లో రెండు సోనామసూరి బస్తాలున్నాయి, ఒక్కొక్కటి ఇరవై పౌండ్లది. డబ్బాల నిండా కందిపప్పు, మినప్పప్పు, పెసరపప్పు. చింతపండు, మూడు రకాల ఊరగాయలు. ఫ్రీజర్లో పరోటాలు, బఠాణీలు, తురిమిన కొబ్బరి. ముందురోజే ఇండియాకు ఫోన్ చేసి, 'నెలకు సరిపడా సరుకులున్నాయమ్మా, నువ్వు దిగులు పడకు' అని చెప్పాం కూడా.

మధ్యాహ్నానికి అసలు సంగతి తెలిసింది. పొయ్యి కరెంటుది. కుక్కరు కరెంటుది. మైక్రోవేవ్ సంగతి చెప్పనే అక్కర్లేదు. వెతగ్గా వెతగ్గా అల్మరా వెనక రెండు ఉడికించిన శనగల డబ్బాలు దొరికాయి, రేకువి. కాన్ ఓపెనర్ ఉంది, కానీ అదీ ప్లగ్గు పెడితేనే తిరిగే రకం. ఒంటికి రెండు స్వెట్టర్లు, పైన దుప్పటి. వేళ్ళు కొంకర్లు పోతుండగా స్క్రూడ్రైవరూ సుత్తీ పెట్టి ఆ డబ్బా మూతకు వరసగా కన్నాలు పొడిచి, రేకు వంచి, చల్లటి శనగలు గిన్నెలో పోసుకుని ఉప్పు చల్లుకు తిన్నాం. పక్కన పిల్ల ఇంట్లోనే నోరు తెరిచి ఊదుతూ, 'పొగ వస్తోంది చూడు నాన్నా' అని ఆడుకుంటోంది.

మేం బయటపడ్డాం కాబట్టి ఇప్పుడిది నవ్వుతూ చెప్పుకునే కథయింది. అందరికీ అలా కాలేదు. ఆ వారంలో టెక్సాస్‌లో 45 లక్షలకు పైగా ఇళ్ళకు, దుకాణాలకు కరెంటు పోయింది. 16వ తేదీన డల్లాస్-ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయం దగ్గర ఉష్ణోగ్రత మైనస్ 2 ఫారన్‌హీట్‌కు, అంటే మైనస్ 19 సెల్సియస్‌కు దిగింది. 1949 తర్వాత ఆ ప్రాంతం అంత చలి చూడలేదు. రాష్ట్ర ఆరోగ్యశాఖ చివరికి తేల్చిన మరణాలు 246. వారిలో దాదాపు మూడింట రెండు వంతుల మందిని తీసుకుపోయింది చలే.

కరెంటు ఎందుకు పోయిందో తెలుసుకోవడం మన వంటింటికీ అవసరమే. టెక్సాస్‌లో ఎక్కువ భాగానికి సొంత గ్రిడ్ ఉంది. పక్క రాష్ట్రాలతో దానికున్న లంకెలు నామమాత్రం, ఆపద వేళ అప్పు తెచ్చుకోవడానికి చాలవు. చలికి గ్యాస్ బావులు గడ్డకట్టాయి. గ్యాస్‌ను గొట్టాల్లోకి తోసే కంప్రెసర్లు కొన్ని కరెంటుతో నడిచేవి. కోత పెట్టేసరికి అవి ఆగాయి, అవి ఆగేసరికి గ్యాస్ అందక మరికొన్ని విద్యుత్ కేంద్రాలు ఆగాయి. ఆ రాత్రి గ్రిడ్ మొత్తంగా కుప్పకూలడానికి 4 నిమిషాల 37 సెకన్ల దూరం దాకా వెళ్ళి వెనక్కు వచ్చింది. కూలి ఉంటే చీకటి రోజులతో పోయేది కాదు, వారాలు పట్టేది. 2011 ఫిబ్రవరిలోనే ఇలాంటి చలి వచ్చింది, కోతలు పెట్టారు, విచారణ జరిపారు, యంత్రాలకు చలి రక్షణ ఏర్పాటు చేసుకోండని కేంద్ర నియంత్రణ సంస్థ సలహా ఇచ్చింది. సలహాయే కదా అని చాలామంది ఊరుకున్నారు. ఆ సలహాను చెవిన పెట్టిన ఎల్ పాసో నగరం మాత్రం (అది వేరే గ్రిడ్‌లో ఉంది) 2021లో పెద్దగా ఇబ్బంది పడలేదు. చలి రక్షణను తప్పనిసరి చేస్తూ 2021 జూన్‌లో చట్టం వచ్చింది. మంచిదే. కానీ చట్టం ఉన్నంత మాత్రాన మన ఇంటి స్విచ్ పనిచేస్తుందని నమ్మి కూర్చోవడం మరో 2011 అవుతుంది. ఇంట్లో సరుకు దాచుకోమని చెబుతున్నామంటే గ్రిడ్ నడిపేవాళ్ళను వదిలేస్తున్నామని కాదు. వాళ్ళు లెక్క చెప్పాల్సిందే. ఆ లెక్క తేలేలోపు పిల్లలకు ఏదో ఒకటి పెట్టాలి కదా.

మంచు తుపానులో జనం ఆకలితో చనిపోరు. ఆరోగ్యంగా ఉన్న మనిషి మూడు రోజులు తిండి లేకపోయినా నీరసపడతాడే తప్ప పోడు. ప్రాణం మీదికి తెచ్చేది ఆకలి మన చేత చేయించే పని. ఇంట్లో ఏమీ లేదని కారు తీసి గడ్డకట్టిన రోడ్డెక్కుతాం. లేదా పిల్లలకు కాసిని పాలు వెచ్చబెడదామని బొగ్గుల గ్రిల్ ఇంట్లోకి తెస్తాం. ఇంటి నిల్వ అవసరం ఈ రెండు పనులూ చేయకుండా ఉండడానికి.

రోడ్డు సంగతి బఫెలోను అడగాలి. ఎరీ సరస్సు ఒడ్డున ఉన్న ఆ ఊరికి మంచు కొత్త కాదు, నవంబరు వస్తే పార గుమ్మం పక్కనే ఉంటుంది. అలాంటి చోట 2022 డిసెంబరు 23న మొదలైన తుపాను 37 గంటల పాటు ఎదుటి మనిషి కనపడకుండా కొట్టింది. విమానాశ్రయంలో కొలిచిన మంచు 51.9 అంగుళాలు, నాలుగడుగుల పైమాటే. కార్లు బయటికి తీయవద్దన్న అధికారుల ఆజ్ఞ అమల్లోకి వచ్చింది ఆ ఉదయం తొమ్మిదిన్నరకు. అప్పటికి తుపాను ఊరి మీదకు వచ్చేసింది, పనులకు వెళ్ళినవాళ్ళు వెళ్ళిపోయారు. అంబులెన్సులు, ఫైరింజన్లు మంచులో కూరుకుపోయాయి. ఆ కౌంటీలో 40 మందికి పైగా చనిపోయారు: కొందరు కార్లలో, కొందరు వీధిలో, కొందరు సాయం అందక తమ ఇళ్ళలోనే. వారిలో సరుకులు తేవడానికని గడప దాటి తిరిగి రాని యువకుడు ఒకడున్నాడు. అతని పేరు ఇక్కడ అక్కర్లేదు. మంచు అలవాటున్న ఊళ్ళో, క్రిస్మస్ ముందు రోజు, ఇంటికి తిండి తేబోయి పోయాడన్నది మాత్రం గుర్తుంచుకోవాలి. బఫెలోలో చదువుకుంటున్న మన పిల్లలు తక్కువేం లేరు. ఒక్కో అపార్ట్‌మెంట్లో నలుగురైదుగురు, ఎవరికీ కారు ఉండదు, ఫ్రిజ్‌లో గుడ్లు, అటక మీద మ్యాగీ. ఏ రోజుకా రోజు ఎవరో ఒకరు వెళ్ళి తెచ్చుకునే సంసారం. ఇలాంటి వేళ బయటికి పరిగెత్తేది వాళ్ళే.

ఇక బొగ్గులు. ఈ విషయం పెద్దవాళ్ళకు మరీ విడమరచి చెప్పాలి, ఎందుకంటే కుంపటి మనకు కొత్త కాదు. బాలింత గదిలో కుంపటి పెట్టి సాంబ్రాణి వేసిన చేతులే ఇప్పుడు మనవల్ని చూసుకోవడానికి ఇక్కడికి వస్తున్నాయి. 'మా రోజుల్లో ఏం కాలేదు' అంటారు. నిజమే, ఏం కాలేదు. ఆ ఇళ్ళు పెంకుటిళ్ళు. పెంకుల సందుల్లోంచి, చూరు కిందనుంచి, మూసినా మూసుకోని తలుపుల్లోంచి గాలి ఆడేది. ఇక్కడి ఇల్లు డబ్బా లాంటిది, వెచ్చదనం బయటికి పోకుండా అంగుళం అంగుళం మూసి కట్టింది. అందులో బొగ్గు రాజేస్తే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, కళ్ళు మండవు. తల దిమ్ముగా ఉంటుంది, వికారంగా ఉంటుంది, మగత కమ్ముతుంది. కాసేపు పడుకుంటే తగ్గుతుందనిపిస్తుంది. అలా పడుకున్నవాళ్ళు లేవరు. 2021 టెక్సాస్ మరణాల్లో 19 ఈ గ్యాస్ ఖాతాలోవే. హ్యూస్టన్‌లో ఒక ఇంట్లో కరెంటు పోయాక ఇంటికి ఆనుకున్న గరాజ్‌లో కారు ఆన్ చేసి ఉంచారు. తల్లి, చిన్న కూతురు చనిపోయారు.

అందుకని బొగ్గుల గ్రిల్, క్యాంపు స్టవ్, ఏదైనా ఆరుబయటే వెలిగించాలి. తలుపు తెరిచిన గరాజ్ ఆరుబయట కాదు. జనరేటర్ ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, కిటికీల వైపు కాకుండా ఉండాలి. గ్యాస్ పొయ్యి ఉన్న ఇళ్ళు కొంత నయం, పైన ఉన్న బర్నర్లను చాలావరకు అగ్గిపుల్లతో వెలిగించుకుని అన్నం వండుకోవచ్చు. కానీ చలి కాచుకోవడానికి ఆ పొయ్యినో, ఓవెన్‌నో గంటల తరబడి మండించడం కుంపటి పెట్టడంతో సమానం. బ్యాటరీతో పనిచేసే కార్బన్ మోనాక్సైడ్ అలారం ధర ఇంచుమించు ఒక బియ్యం బస్తా ధర. ఆ బస్తా కొన్న రోజునే దీన్నీ కొనమని మా మాట.

నీళ్ళ విషయంలో 2021 నేర్పిన పాఠం మరీ విచిత్రం. కరెంటు లేక నీటి పంపులు ఆగాయి, గొట్టాలు గడ్డకట్టి పగిలాయి, ఒత్తిడి పడిపోయింది. కుళాయి నీళ్ళు కాచి తాగండని కోటీ నలభై లక్షల మందికి పైగా జనానికి నోటీసులు వెళ్ళాయి. ఏ పొయ్యి మీద కాచాలి? చాలా ఇళ్ళలో స్నానాల తొట్టిలో బాల్కనీ మంచు పారతో ఎత్తి పోసుకున్నారు, కరిగాక మరుగుదొడ్డికి వాడుకోవడానికి. అంతవరకు పనికొస్తుంది, తాగడానికి కాదు. తాగడానికీ శుభ్రతకూ కలిపి మనిషికి రోజుకు ఒక గ్యాలన్, అంటే దాదాపు నాలుగు లీటర్లు ఉంచుకోమని ఇక్కడి ప్రభుత్వ సంస్థలు చెబుతాయి. నలుగురున్న ఇంటికి ఐదు రోజులకు ఇరవై గ్యాలన్లు. ఎక్కువ అనిపిస్తుంది. మంచం కింద పడతాయి. ఇంటికి వచ్చిన పెద్దవాళ్ళకు ఇది చెప్పి చూడండి, ఆశ్చర్యపోరు. బంగాళాఖాతంలో వాయుగుండం అని రేడియోలో వినపడగానే బిందెలన్నీ నింపి పెట్టిన తరం వాళ్ళది.

అసలు మనవాళ్ళకు తెలిసిన నిల్వ రెండు రకాలు. గాదెల్లో, పాతరల్లో వడ్లో జొన్నలో పోసి ఏడాది గడుపుకునేది ఒకటి. అటుకులు, పేలాలు, మరమరాలు, వేయించిన శనగపప్పు, బెల్లం, సున్నుండలు, నువ్వులుండలు డబ్బాల్లో పెట్టుకుని పొయ్యి రాజేయలేని పూట గడుపుకునేది రెండోది. వాన కట్టెలు తడిపినప్పుడు, తుపాను గాలికి వంటింటి కప్పు లేచిపోయినప్పుడు ఆదుకున్నది ఆ రెండోదే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మీద పడినప్పుడు విశాఖ రోజుల తరబడి చీకట్లో ఉంది. పాల ప్యాకెట్టుకు, నీళ్ళ డబ్బాకు జనం ఎలా ఎగబడ్డారో ఆ ఊరివాళ్ళకు ఇంకా గుర్తే. ఆ రోజుల్లో కూడా డబ్బాలో అటుకులున్న ఇల్లు కాస్త నిబ్బరంగా ఉంది. అమెరికా వచ్చినప్పుడు మనం మొదటి రకం నిల్వనే వెంట తెచ్చుకున్నాం. బియ్యం బస్తాలు, పప్పుల డబ్బాలు చూసుకుని ధైర్యంగా ఉంటాం. గ్లాసు బియ్యం అన్నం కావాలంటే కడగడానికి నీళ్ళు, ఎసరుకు నీళ్ళు, తిన్నాక గిన్నెలు తోమడానికి నీళ్ళు. వీటన్నిటికీ ముందు మంట. మంట, నీళ్ళు రెండూ లేని రోజున ఆ బస్తా తలకింద పెట్టుకోవడానికి తప్ప ఎందుకూ కొరగాదు.

అదే మందపాటి అటుకులైతే గ్లాసుడు తీసుకుని కాసిని నీళ్ళతో తడిపి, పిండి, పది నిమిషాలు మూత పెడితే మెత్తబడతాయి. ఉప్పు, నిమ్మరసం, వేయించిన వేరుశనగపప్పు కలిపితే ఒక మనిషికి పూట గడుస్తుంది. బెల్లం కలిపితే పిల్లలు తింటారు. పేలపిండి చక్కెరతో కలుపుకోవడమే. ఇక్కడి కొట్లలో దొరికేవాటిలో ఉడికించిన శనగలు, రాజ్మా డబ్బాలు మేలు, అవి వండినవే కాబట్టి కడిగి తినొచ్చు. పొట్లాల్లో దొరికే వండిన పప్పు, కూరలు వేడి చేయకుండా తిన్నా ప్రమాదం లేదు, రుచి సంగతి అప్పుడు ఎవరూ అడగరు. వేరుశనగ వెన్న, బ్రెడ్డు, ఖర్జూరాలు, అరటిపళ్ళు, ఫ్రిజ్ అక్కర్లేని డబ్బా పాలు, పాలపొడి. పసిపిల్లలుంటే వాళ్ళ పాలపొడి, దానికి వేరుగా శుభ్రమైన నీళ్ళు. కాగితం పళ్ళాలు ఒక కట్ట, తోమే పని ఉండదు. ఊరగాయలు ఎలాగూ ఉంటాయి. అయితే ఆవకాయ కారానికి దాహం వేస్తుందనీ, నీళ్ళు లెక్కగా ఉన్నాయనీ మరచిపోవద్దు.

రెండు వారాల సరుకు ఇంట్లో ఉండాలని రెడ్‌క్రాస్ అంటుంది. చిన్న అపార్ట్‌మెంట్లలో, అప్పుడే ఉద్యోగంలో చేరినవాళ్ళకు అది కుదిరే పని కాదు. మొదట ఐదు రోజులకు అమర్చుకోండి, తర్వాత పెంచుకోవచ్చు. కొన్నవి దాచి మరచిపోవడం మన ఇళ్ళలో ఉన్న పెద్ద జబ్బు. వేరుశనగ మక్కిపోతుంది, అటుకులకు పురుగు పడుతుంది, డబ్బా మీద తేదీ దాటిపోతుంది. పాతవి ముందుకు, కొత్తవి వెనక్కు పెట్టి, మామూలు రోజుల్లో కూడా వాడుతూ నింపుతూ ఉండాలి. నెలకోసారి అటుకుల పులిహోర చేసుకుంటే నష్టమేం లేదు.

ఫ్రిజ్‌లో ఉన్నవాటి మీద మనకు ప్రాణం, పారేయడానికి చెయ్యి రాదు. తలుపు తీయకుండా ఉంచితే ఫ్రిజ్ చల్లదనం నాలుగు గంటలు ఉంటుంది. నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు, సగం నిండినది 24 గంటలు నిలబడుతుంది. ఆ తర్వాత 40 డిగ్రీల ఫారన్‌హీట్ దాటి రెండు గంటలకు పైగా ఉన్న పాలు, పెరుగు, వండిన పప్పు, మాంసం పారేయాల్సిందే. వాసన చూసి తేల్చుకోవద్దు, చెడిన తిండి ప్రతిసారీ వాసన వేయదు. బయట అంత మంచు ఉండగా అక్కడ పెడితే పోలేదా అనుకుంటాం. మేమూ పాలడబ్బా బాల్కనీలో పెట్టినవాళ్ళమే. ఎండ పొడ తగిలితే నీడలో ఎంత చలి ఉన్నా డబ్బా వెచ్చబడుతుంది, జంతువులు ముట్టుకుంటాయి. దానికంటే గిన్నెల్లో నీళ్ళు పోసి బయటపెట్టి, గడ్డకట్టాక ఆ గడ్డలు తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టుకోవడం తెలివైన పని. ఇన్సులిన్‌ను మాత్రం పొరపాటున కూడా మంచులో పెట్టకూడదు, ఒకసారి గడ్డకడితే ఇక పనికిరాదు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు బీపీ, షుగరు మాత్రలు తిరుగు ప్రయాణం దాకా లెక్కపెట్టి తెచ్చుకుంటారు. చలికాలం మధ్యలో అవి అడుగంటుతున్నాయేమో చూసుకోవలసింది పిల్లలే. వాళ్ళు నోరు తెరిచి అడగరు.

మంచు సూచన రాగానే జరిగే తంతు ఒకటుంది. అమెరికన్లు బ్రెడ్డు, పాలు, గుడ్ల మీద పడతారు. పొయ్యి లేకపోతే గుడ్డు ఏం చేసుకుంటారో, ఫ్రిజ్ లేకపోతే అన్ని గ్యాలన్ల పాలు ఏం చేసుకుంటారో వాళ్ళకే తెలియాలి. మనవాళ్ళు అదే రోజున ఇండియన్ స్టోరుకు పోయి బియ్యం బస్తాలు ట్రంకులో వేసుకుంటారు. వాట్సాప్ గ్రూపులో ఎవరో ఖాళీ అరల ఫొటో పెడతారు (అది ఏ ఏడాదిదో, ఏ ఊరిదో ఎవరూ అడగరు), గంటలో ఇంకో యాభై మంది బయలుదేరతారు. ముందురోజు సాయంత్రం రెండు బళ్ళు నింపుకున్నవాడు జాగ్రత్తపరుడు కాదు. తన వెనక వరసలో నిలబడ్డ ముసలమ్మకు పాలపొడి మిగల్చనివాడు. అక్టోబరు నుంచి వారానికి రెండు డబ్బాలు, ఒక అటుకుల పొట్లం చొప్పున కొనుక్కుంటే ఎవరి నోటి దగ్గరదీ లాక్కున్నట్టు ఉండదు, చేతికి బరువూ తెలియదు. దీపావళికి ఎలాగూ కిరాణా కొట్టుకు వెళతాం. బెల్లం, పేలాలు, వేరుశనగలు ఆ పండగ చీటీలోనే ఉంటాయి. ఇంకో రెండు చొప్పున రాసుకుంటే సరిపోతుంది.

ఇంకో మాట, పక్కింటి గురించి. మీ అపార్ట్‌మెంట్ సముదాయంలో కొత్తగా వచ్చి దిగిన విద్యార్థులుంటే, తుపాను మొదలవకముందే ఒకసారి తలుపు తట్టండి. మంచులో బయటికి పోవద్దని చెబితే సరిపోదు, పోవలసిన అవసరం లేకుండా నాలుగు అటుకుల పొట్లాలు, రెండు నీళ్ళ డబ్బాలు వాళ్ళ చేతిలో పెట్టండి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే అలారం మోగితే ఏం చేయాలో తెలుగులో చెప్పండి: వెంటనే బయటికి రావాలి, ఆ తర్వాతే 911. ఫోన్లకు వచ్చే హెచ్చరికలు వాళ్ళకు అర్థమయ్యే భాషలో రావు.

ఈ శనివారం సరుకులకు వెళ్ళినప్పుడు చేత్తో తిప్పే కాన్ ఓపెనర్ ఒకటి కొనండి. ఇంటికి రాగానే దానితో ఒక డబ్బా తెరిచి చూడండి.